భూమి లోపల ఎర్రగీతలు

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీది నంబరు, పెట్టె మీది అంకె చదవడం వచ్చు. అంతకుమించి రాదు. అందుకని ఇదంతా నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాసుకుంటున్నారు. నా గొంతు బొంగురు గొంతు. మాట మధ్యలో ఆగితే దగ్గు వచ్చిందనుకోండి, వేరే ఏమీ అనుకోకండి.

నేను పనిచేసే గోదాం కార్వాన్‌లో ఉంది. ఎప్పటి వ్యాపారులో సరుకు దింపుకోవడానికి కట్టుకున్నారట. గోడల మందానికి బయటి ఎండ లోపలికి రాదు, బయటి చప్పుడూ రాదు. గేటు దాటి నాలుగడుగులు వేస్తే చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉంటుంది. అందులో రాళ్లుంటాయి. ఊరి కిందినుంచి తీసిన రాళ్లు. ఆటోవాళ్లకు ఆఫీసు పేరు చెబితే తెలియదు, పత్థర్ దఫ్తర్, అంటే రాళ్ల ఆఫీసు, అంటే తిన్నగా తెచ్చి దింపుతారు.

ఊరి కింద నేల ఎలా ఉందో పటం గీయడానికి అక్కడక్కడ బోర్లు వేస్తారు. నీళ్ల కోసం కాదు, రాయి కోసం. యంత్రానికి బోలు గొట్టం ఉంటుంది. అది దిగుతూ లోపలి రాయిని గుండ్రంగా కోసుకుని పైకి తెస్తుంది. అలా వచ్చిన రాతి కడ్డీని కోరు అంటారు. మా ఆయన మాత్రం గడలు అనేవాడు, చెరకు గడల్లా ఉంటాయని. "ఇయాల జహనుమ గడలొచ్చినయ్" అనేవాడు ఇంటికొచ్చి, జహనుమాలో ఏదో చెరకు తోట ఉన్నట్టు. ఆ గడల్ని పొడుగు పెట్టెల్లో వరుసగా పేరుస్తారు. పైది ముందు, లోతుది తర్వాత. పెట్టె మీద ఏ పేట బోరు, ఎంత లోతు నుంచి ఎంత లోతు వరకు, అన్నీ పెయింటుతో రాస్తారు. ఒక గడ తీసి ఇంకో చోట పెడితే లోపలి భూమి తారుమారైనట్టే. మా ఆయన ముందు బోరు యంత్రం మీద ఖలాసీగా పనిచేశాడు, తర్వాత ఆ గోదాంలో పెట్టెలు చూసుకునే పనికి వచ్చాడు. ఎవరైనా గడ ముట్టుకుంటే కసురుకునేవాడు. ఇంట్లో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

ఒక వానకాలం పొద్దున గుండెనొప్పి అన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గరికి చేరేసరికి లేడు.

ఆ తర్వాత ఆ గోదాంలోనే నాకు ఊడ్చే పని, తుడిచే పని ఇచ్చారు. నేను చేరేనాటికి అక్కడ కంప్యూటర్ల కాలం నడుస్తోంది. పెట్టెల్లో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. కాంట్రాక్టువాళ్లు వచ్చి ప్రతి పెట్టె మూత తీసి, దుమ్మయినా దులపకుండా ఫొటో కొట్టి, మూత వేసి పోయారట. ఆ ఫొటోలన్నీ ఒక మేడం చేతికి వచ్చాయి. వరంగల్ వైపు మనిషి, నా కంటే చిన్నది, పెద్ద చదువు చదివింది. ఫొటోకు పెట్టె నంబరే పేరుగా పెట్టడం, పేట పేరు మీద వాటిని వేరు చేయడం, ఒక లోతుది ఇంకో లోతులో కలవకుండా చూడడం ఆమె పని. "పేరు తప్పుపడితే రాయి పోయినట్టే అక్కా, గోదాంల ఉన్నా పోయినట్టే" అనేది. సాయంత్రం అయ్యేసరికి చేసినదంతా కంప్యూటర్‌కు తగిలించే రెండు చిన్న డబ్బాల్లోకి ఎక్కించేది. ఒకటి మా బీరువాలో, ఒకటి పెద్దాఫీసులో. ఇక్కడ తగలబడ్డా అక్కడ ఉండాలట. రాయి కాలుతుందా మేడం అని అడిగితే నవ్వింది.

ఒక మధ్యాహ్నం నేను ఆమె గదిలో నేల తుడుస్తున్నాను.

"అక్కా, ఇటు రా. నీకొకటి చూపిస్త."

చేయి తుడుచుకుని వెళ్లాను. తెర నిండా రంగులు. గులాబీ, బూడిద, అక్కడక్కడ నలుపు, మబ్బులు పరుచుకున్నట్టు.

"గిదేంది మేడం?"

"మన సిటీ. పైనుంచి చూసుడు కాదు, పక్కనుంచి. తర్బూజ కోసినట్టు కోసిన అనుకో. ఫొటోలల్ల రాయి రంగులన్ని లోతు పకారం కలిపి గీసిన. పైన గీ సన్నటి గీత కనిపిస్తుంది సూడు, దాని మీద మనం ఉంటం. కింద అంతా రాయే. గిది కార్వాన్. గిది జహనుమ."

"మా మాదన్నపేట ఏడుంది?"

ఆమె వేలు పెట్టి చూపించింది.

"గంత సన్నగనా? మా కూరగాయల మార్కెట్, మా ఇల్లు, మా అత్తమ్మ నోరు, అన్నీ గా గీత మీదనేనా?"

"మీ అత్తమ్మ నోరు పట్టాల్నంటే ఇంకో స్క్రీన్ కావాలె."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఆ తెరలోకి చూస్తున్నాను. నేను పుట్టి పెరిగిన ఊరు గాలిలో తేలుతున్నట్టు ఉంది. దాని కింద ఎవరూ నడవని, ఎవరూ మాట్లాడని గులాబీ రంగు ఊరు ఇంకొకటి ఉంది. ఆ గులాబీలో అడ్డంగా ఎర్రటి గీతలు కనిపించాయి. ఒకదాని కింద ఒకటి, కార్వాన్ నుంచి జహనుమా దాకా, జహనుమా నుంచి మా మాదన్నపేట దాకా, అంచుపట్టీ కుట్టినట్టు.

"గీ ఎర్రగ ఏంది మేడం?"

"గదే అక్కా చూపిద్దామని పిలిచింది." ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఇనుము తుప్పు పట్టిన పొర అయితది. అంటే ఎప్పుడో నీళ్లు గా తొవ్వలంగ పారినయన్నట్టు. ఇంతకుముందు ఎవ్వరు చూడలే. మస్తు పెద్ద ముచ్చట గిది. రాస్తున్న ఇప్పుడు."

ఆ సాయంత్రం ఆటోలో మూసీ దాటుతుంటే నాకు కిందికి చూడాలనిపించింది. వంతెన కింద నది, నది కింద రాయి, రాయిలో ఎర్రటి నీటి దారులు. ఆటో గుంతలో పడి లేచినప్పుడల్లా లోపల ఎక్కడో ఆ నీళ్లు కదిలినట్టు అనిపించింది. మార్కెట్లో దిగి వంకాయలు ఏరుతున్నాను, కాళ్ల కింద ఎరుపు. ఇంట్లో అరుగు మీద కూర్చున్నాను, అరుగు కింద ఎరుపు. మా అత్తమ్మకు చెప్పాను, మన ఇంటి కింద ఎర్ర నది ఉందంట అని.

"నల్లాల నీళ్లు రాక నాలుగొద్దులాయె. ఎర్ర నదంట" అంది అత్తమ్మ, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ.

కొన్నాళ్లకు మేడం ముఖంలో ఆ వెలుగు తగ్గింది. తెర ముందు కూర్చుని ఊరికే చూసేది. చాయ్ తెచ్చి పెడితే చల్లారిపోయేది. ఒకరోజు నేనే అడిగాను.

"ఏమైంది మేడం? గా నది ఎండిపోయిందా?"

"భూమి గిట్ల టేపు పెట్టి కొలిచి గీతలు గియ్యదక్కా. సూడు, అన్ని బోర్లల్ల గంతే దూరం, గంతే దూరం. మన ఒక్క పెట్టెల ఎంత రాయి పడుతదో గంత లోతుకొకటి వస్తుంది. నాకు అనుమానం కొడుతుంది. రా, పెట్టెలు తెరుద్దాం."

మా గేటు దగ్గర ఒక చాచా ఉంటాడు. వాచ్‌మన్. ఆయన గడ్డం తెల్లబడింది ఆ గేటు దగ్గరే. బరువు పెట్టెలు దింపాలంటే ఆయన్నే పిలుస్తాం. ఆయన కార్వాన్ బోరు పెట్టె ఒకటి నేల మీదికి దించి, బిస్మిల్లా అని మూత తీశాడు. దుమ్ము లేచింది. మేడం వంగి మొదటి గడ చూసింది. గడ కొసన, గులాబీ రాయి మీద, గోధుమరంగు తిరిగిన ఎర్ర మచ్చ. ఆమె గోటితో గీరింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకో పెట్టె తీయించింది. అందులోనూ మొదటి గడకే. ఇంకోటి. అందులోనూ అంతే.

"అక్కా, జర నువ్వు చూడు. గిది రాయి రంగు కాదు. కుంకుమ గదా?"

నేను కూర్చుని చూశాను. కుంకుమే. దాని కింద వెలిసిపోయిన పసుపు. ముందు పసుపు రాసి, దాని మీద కుంకుమ బొటనవేలితో అద్దినట్టు తెలుస్తోంది. ఆ బొట్టు మధ్యలో ఏటవాలుగా ఒక గీత, రంగు అంటని చోటు.

ఆ గీత నాకు తెలుసు. బోరు యంత్రం మీద పనిచేసే రోజుల్లో ఇనుప కడ్డీ పడి మా ఆయన బొటనవేలు చీలింది. అతుక్కుంది గానీ మధ్యలో గాడి ఉండిపోయింది. పెళ్లయిన కొత్తలో నా నుదుట ఆయన బొట్టు పెడితే అద్దంలో అది రెండు ముక్కలుగా కనిపించేది. నేను సర్దుకునేదాన్ని.

"మా ఆయన" అన్నాను, అంతే.

చాచా నెత్తి మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "యా అల్లా. దసరా దినం సుబే సుబే వస్తుండె బేటీ. నేనే గేటు తీస్తుంటి. ఆజ్ ఛుట్టీ హై నా భాయ్ అంటే, గడలకు పండుగ లేదా చాచా అంటుండె. నేను మషీన్లకు పెడ్తుండేమో అనుకున్న. గిన్ని పెట్టెలు తెరిచి గిట్ల పెడ్తుండని నాకేం ఎరుక!"

నాకూ తెలియదు. దసరా ముందురోజు ఆయన మాదన్నపేట మార్కెట్లో కుంకుమ ఎక్కువ కొనమనేవాడు. ఆఫీసులో ఆయుధపూజ అనుకునేదాన్ని. అందరూ చేస్తారు కదా, జీపుకు, యంత్రానికి, ఈ మధ్య కంప్యూటర్లకు కూడా. ఒక ఏడు అన్నం తింటూ ఆయన అన్న మాట గుర్తొచ్చింది. "సుత్తెకు బొట్టు పెడ్తరు. సుత్తె దెబ్బ తిన్న రాయికి పెట్టరు. గదేం నాయం?" అప్పుడు నేను పప్పు వడ్డిస్తున్నాను, ఆ మాట పట్టించుకోలేదు.

మేడం ఒక ఖాళీ పెట్టె మీద కూలబడింది. తర్వాత ఆమె భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది.

"మీ ఆయన బొట్టు మీద నేను రిపోర్టు రాసిన అక్కా. నీళ్లు పారినయని రాసిన. గా నీళ్లు ఎటు నుంచి ఎటు పారినయో కూడ రాసిన."

చాచా కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ చల్లటి గోదాంలో ముగ్గురం నవ్వుతుంటే, నాకు మా ఆయన కనిపించాడు. ఊరి కింద గులాబీ రాయిలోనుంచి చేతిలో పళ్లెం పట్టుకుని నడిచిపోతున్నాడు. కార్వాన్ కింద ఒక బొట్టు, మూసీ కింద ఒక బొట్టు, జహనుమా గుట్ట కింద ఒక బొట్టు. పైన ఆటోలు, బస్సులు, లొల్లి. ఆయనకు అవేమీ వినిపించడం లేదు. తల వంచుకుని తన పని తాను చేసుకుంటున్నాడు.

మేడం పెద్దాఫీసులో ఉండే పెద్దసారుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆయన గొంతు నాకూ వినిపించింది.

"కుంకుమా? కోర్ బాక్సుల్లోనా? ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా? సరే, జరిగిందేదో జరిగింది. అన్నీ కడిగించండి. తడిమీద మళ్లీ ఫొటోలు తీసి పాతవి తీసేయండి. పటం పంపే లోపల అయిపోవాలి."

కడిగించండి అంటే కడగాల్సింది నేనే. అక్కడ నీళ్ల పని నాది. ఫోన్ పెట్టేశాక మేడం నా ముఖం చూడకుండా వైరు చుట్టుకుంటూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె చేతిలోని చేట పక్కన పెట్టింది.

"నా కొడుకు పెట్టిండా? గన్నిటికి?"

"అవునత్తమ్మా."

"వాని ఏలు గుర్తువట్టినవా?"

"నడిమిట్ల గీతున్నది."

ఆమె నా నుదుటివైపు చూసింది. "పదో దినం నీ బొట్టు తుడిసిండ్రు. నేను సూస్తనే ఉన్న, ఒద్దని అనలే. ఇప్పుడు నా కొడుకు పెట్టిన బొట్టు నువ్వు తుడుస్తవా? చేతులెట్ల వస్తయే నీకు?"

"నౌకరీ అత్తమ్మా."

"పోతే పోనీ నౌకరీ. పాలమ్ముకొని బతుకుదం."

"ఏడున్నయ్ బర్లు? కొట్టం పోయి ఎన్నేండ్లాయె?"

"నాకెదురు చెప్పకు. గా రాళ్లల్ల వాడున్నడు. మనం బూడిద కలిపిన కాడ లేడు, గాడ ఉన్నడు. వాన్ని కడుగకు."

నాకూ అలాగే ఉంది లోపల. ఇంట్లో ఆయన చొక్కాలు ఎవరెవరికో ఇచ్చేశాం. చెప్పులు పోయాయి. ఫొటో ఒకటి ఉంది గానీ అది ఏదో పెళ్లిలో తీసింది, పక్కకు చూస్తుంటాడు. ఆయన చేతి పని అంటూ మిగిలింది ఆ బొట్లే. అవీ ఉన్నాయని తెలిసిన రోజే తుడిచేయమన్నారు.

మర్నాడు పోయి మేడంతో చెప్పేశాను. "నా చేతులతోని నేను కడుగలేను మేడం. మా అత్తమ్మ కూడ ఒద్దంటుంది."

చాచా పక్కనే ఉన్నాడు. "నేను కడుగుత. నీ ఆద్మీ నేను ఒక్క డబ్బల తిన్నోళ్లం. నువ్వు బయట కూసో బేటీ, ఫికర్ చెయ్యకు."

"ఎవ్వరు కడుగకుండ్రి" అంది మేడం. "నేను పెద్దసారుతోని మాట్లాడుత. కంప్యూటర్ల ఎరుపు తీసేస్త, గా చోటు ఖాళీగ ఉంచుత. రాయి మీద బొట్టు అట్లనే ఉంటది, పటంల ఉండదు. ఎవ్వరికి నష్టం లేదు."

నా గుండె తేలికైంది. ఆమె కూర్చుని మీటలు నొక్కింది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. తెరమీద ఎర్రగీతలు ఉన్నట్టుండి పోయాయి. వాటి చోట తెల్లగా ఖాళీ గీతలు మిగిలాయి. గులాబీ రాయిలో పొడుగునా తెల్లటి గాట్లు. ఆమె ఒకదాని పక్కన ఏదో చిన్నగా రాసింది.

"ఏం రాసిండ్రు మేడం?"

"తెలియదు అని రాసిన. గా చోట రాయి రంగు మనకు తెల్వదు గద. గట్లనే రాయాలె."

"గన్నిటి కాడ గట్లనే రాస్తరా?"

"ఆఁ."

"గది ఎన్నొద్దులుంటది?"

"ఉంటదక్కా. మన తర్వాత వచ్చేటోళ్లు కూడ గిదే తెరిచి చూస్తరు. అందుకే గద రెండు కాడ దాస్తున్నం."

నేను ఆ తెల్లటి గీతలు చూస్తూ ఉండిపోయాను. ఆ గడల్ని బోరు దగ్గర ఎండలో మోసినవాడు, లారీలోంచి దించినవాడు, వరుస తప్పకుండా పేర్చినవాడు. గడ ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. లోపల ఏముందో తెలియాలనే కదా అంత కసురుకున్నాడు. ఇప్పుడు ఆయన వేలు పడ్డ ప్రతి చోటా తెలియదు, తెలియదు అని ఉంటుంది. ఎవరెవరో వచ్చి అదే చదువుతారు. నాకది నచ్చలేదు.

"కడుగుత మేడం" అన్నాను. "నేనే కడుగుత. చాచా ఒద్దు."

"అక్కా, మల్ల ఆలోచన చేసుకో."

"చేసిన."

గోదాం వెనక సిమెంటు తొట్టి ఉంది. సబ్బు వాడకూడదు, పీచు వాడకూడదు. ఉత్త నీళ్లు, మెత్తటి బ్రష్షు. ఒకసారికి ఒక్క గడే తీయాలి, దాన్ని పెట్టె వరుసలో దాని చోట పెట్టాకే రెండోది ముట్టుకోవాలి. కార్వాన్ పెట్టెతో మొదలుపెట్టాను. మొదటి గడ పట్టుకుని నీళ్లలో ముంచే ముందు నా బొటనవేలు ఆ బొట్టు మీద పెట్టాను. ఆయన వేలు పెద్దది, నా వేలు చుట్టూ ఎరుపు మిగిలింది. తర్వాత నీళ్లలో దించాను.

ఎర్రటి దారం ఒకటి నీళ్లలోకి సాగింది, పొగలా వంపులు తిరిగింది, కలిసిపోయింది. దాని వెనక పసుపు. బ్రష్షుతో మెల్లగా రుద్దితే కింద రాయి కనిపించింది. పొడిగా ఉన్నప్పుడు ఇటుకపొడిలా ఉండే రాయి, తడి తగలగానే లోపల దీపం పెట్టినట్టయింది. దానిమ్మగింజల్లాంటి గులాబీ, మధ్యమధ్య గాజుముక్కల్లాంటి తెలుపు, నల్లటి మెరుపు. మా ఇళ్ల కింద ఇంత అందం ఎందుకు దాచారో అనిపించింది.

మేడం పెట్టె పక్కన రంగుల పట్టీ, కొలత పట్టీ పెట్టి, తెల్లబట్ట పైన కట్టించి ఫొటో తీసేది.

"అక్కా, చెయ్యి."

"ఏమైంది?"

"నీ చెయ్యి ఫొటోల పడ్డది. జహనుమ గుట్ట కింద నీ చెయ్యుందని రాయాల్నా ఇగ?"

"రాయుండ్రి. మొగడు బొట్టు పెట్టిండు, పెండ్లాం చెయ్యి పెట్టిందని రాయుండ్రి."

చాచా గేటు దగ్గరనుంచే నవ్వాడు.

రోజులు అలా నడిచాయి. పొద్దంతా నీళ్లు, రాయి, నీళ్లు. గోదాంలో వెలుతురు పైకిటికీ నుంచి ఏటవాలుగా వచ్చేది, అందులో తడిరాళ్లు ఊపిరి తీస్తున్నట్టు మెరిసేవి. నేను ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. ఒక గడ అయ్యాక ఒకటి పట్టుకుంటుంటే, నేను కూడా ఆయన వెనకాలే భూమిలోకి దిగుతున్నట్టు ఉండేది. ఆయన ముందు పోతున్నాడు, బొట్లు పెడుతూ. నేను వెనక పోతున్నాను, నీళ్ల చెంబుతో. ఇద్దరం ఒకరినొకరం పిలుచుకోవడం లేదు. కోపం ఏమీ లేదు, పని ఉంది అంతే. సాయంత్రం మేడం తెర చూపించేది. కార్వాన్ కింద తెలుపు పోయి గులాబీ నిండింది. తర్వాత జహనుమా కింద.

చివరికి మాదన్నపేట పెట్టెలు వచ్చాయి. ఒక్కటి మిగిలింది. చాచా దాని మూత తీసి, చూసి, మళ్లీ సగం మూశాడు.

"గీ ఒక్కటి ఉంచుకో బేటీ. కౌన్ దేఖ్‌తా?"

మేడం కెమెరా సర్దుతున్నట్టు అటు తిరిగింది. "ఒక్క పెట్టె అక్కా. ఒక్క దాని కాడ తెలియదు అని రాస్తే ఏం గాదు. నేను చూసుకుంట."

నాకు ఆశ పుట్టింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. నేల మీద ఆ పెట్టె పక్కనే కూర్చున్నాను. మూత సందులోంచి ఎర్రటి చుక్క కనిపిస్తోంది. దీన్ని ఇలాగే మూసేస్తే గోదాం మూలన ఉంటుంది. ఊడ్వడానికి వచ్చినప్పుడల్లా తెరిచి చూసుకోవచ్చు. దసరాకు దాని ముందు నిలబడవచ్చు. ఎవరూ ఏమీ అనరు. కళ్లు మూసుకుంటే ఆయన ఇప్పుడు మా ఇంటి కిందికి వచ్చి ఆగినట్టు ఉంది. పళ్లెంలో ఒక్క చిటికెడే ఉంది. వేలు ఎత్తి పట్టుకుని నావైపు చూస్తున్నాడు, పెట్టనా వద్దా అన్నట్టు.

అక్కడే కదా మేం బతికింది. ఆ రాయి మీదే కదా మంచం వేసుకున్నాం, పొయ్యి పెట్టుకున్నాం, ఆయన్ని ఎత్తుకుపోయింది కూడా దాని మీదినుంచే. ఊరందరి ఇళ్ల కిందా తెలిసి, మా ఇంటి కింద మాత్రం తెలియదు అని ఎందుకు ఉండాలి?

మూత తీసి గడను రెండు చేతులతో ఎత్తుకున్నాను. తొట్టిలో నీళ్లు మార్చమని చాచాను అడిగాను. ఆయన మార్చాడు. కొత్త నీళ్లలో దాన్ని దించి, కుంకుమ వదిలేదాకా అలాగే పట్టుకున్నాను. దానికి బ్రష్షు వాడలేదు. వేళ్లతోనే కడిగాను.

ఆ రోజు ఇంటికి పోయేసరికి అత్తమ్మ అరుగు మీద ఉంది. ఆ మాట అన్ననాటినుంచి నాతో సరిగా మాట్లాడడం లేదు, అన్నం ముందు పెట్టి లోపలికి పోతోంది. నేను చెప్పులు విప్పుతుంటే ఆమె చూపు నా చేతుల మీద పడింది. గోళ్ల సందుల్లో ఎరుపు నిలిచిపోయింది. అరచేతి గీతల్లో కూడా.

"అయిపోయిందా?"

"అయిపోయిందత్తమ్మా."

"అన్ని?"

"అన్ని."

తిడుతుందని నిలబడ్డాను. ఆమె చేయి చాపింది. నా చేయి పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది. బొటనవేలితో నా గోళ్లు ఒక్కొక్కటే తడిమింది. కొంగుతో తుడుస్తుందేమో అనుకున్నాను, తుడవలేదు. రెండు చేతులూ దగ్గరికి చేర్చి కళ్లకు అద్దుకుంది. ఆమె కళ్లు వేడిగా తగిలాయి. గల్లీలో ఎవరో పాలక్యాన్లతో బండి మీద పోతూ "ఏం పెద్దమ్మా, మంచిగున్నరా" అని పలకరించి పోయాడు.

కాసేపటికి నా చేతులు వదిలింది.

"మరి మనింటి కింద ఏమున్నదంట?"

"గులాబీ రాయి అత్తమ్మా."

"ఎర్ర నది లేదా?"

"లేదు. కింద దాంక గులాబీ రాయే. నీళ్లు పోస్తే మస్తు మెరుస్తది."

"కింద దాంకనా?"

"తవ్విన కాడికి."

"మంచిగుంది" అంది అత్తమ్మ. "లోపలికి రా. కూర సల్లారుతుంది."